కొట్టడం మరిచిన కణాలు

మా తమ్ముడు ఒక బార్‌లో బౌన్సర్. తాగి గొడవ చేసేవాళ్లని మెడపట్టి బయటికి గెంటడమే వాడి ఉద్యోగం. అలాంటివాడికి రక్త క్యాన్సర్ వచ్చింది. మందులు ఇక పనిచెయ్యడం లేదు, అక్కనైన నా రక్తంలోంచి, రోగాన్ని చంపే కిల్లర్ కణాలు తీసి ఎక్కించి చూద్దామన్నాడు డాక్టరు. వీడు ససేమిరా అన్నాడు.

"నా ఒంట్లో లేవా అవి? నా గొడవ నేనే చూసుకుంటా."

వాడి మొండితనానికి ఒళ్లు మండి, నేను పనిచేసే ల్యాబ్‌కే లాక్కొచ్చాను. వాడి క్యాన్సర్ కణాల్ని రెండు గాజు మూకుళ్లలో పోసి, ఒకదాంట్లో వాడి కిల్లర్ కణాల్ని, రెండోదాంట్లో నావి వదిలాను. పక్కన ఆరోగ్యవంతుల రక్తం పెట్టి పోల్చడం మా పద్ధతి. చచ్చిన కణం ఎర్రబడేలా రంగు కూడా కలిపాను. అలవాటు కొద్దీ ఆరోగ్యమైనదే ముందు మైక్రోస్కోప్ కింద పెట్టాను. అదెవరిదో చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

తెర మీద ఊచకోత మొదలైంది. కిల్లర్ కణం క్యాన్సర్ కణాన్ని కరుచుకుని, దాని గోడకు కన్నం పెట్టి, లోపలికి విషం దించుతోంది. అది ఉబ్బి, పగిలి, ఎర్రబడుతోంది. కిల్లర్ కణం వెంటనే ఇంకోదాని మీద పడుతోంది.

"అదీ, చంపు. దాన్ని కూడా." తమ్ముడు పిడికిళ్లు బిగించి ఊగిపోతున్నాడు. "చూశావా అక్కా, నావాళ్లు."

"అవి నావిరా."

రెండోది పెట్టాను. వాడి కణాలు క్యాన్సర్ కణాల్ని ఆనుకునే ఉన్నాయి. కానీ శత్రువును పట్టుకునే కొక్కేలు వాటి ఒంటి మీంచి రాలిపోయాయి. రోగంతో కాపురం చేసి చేసి కొట్టడం మరిచిపోయాయి. ఎరుపు జాడే లేదు.

వాడు అద్దాల బీరువాను ఒక్క గుద్దు గుద్దాడు. అద్దం భళ్లుమంది. చెయ్యి మణికట్టు దాకా చీలింది. ఈ జబ్బుతో వాడి రక్తం గడ్డకట్టదు. నెత్తుట్లో జారిపడి కూడా నన్ను తోసేస్తున్నాడు. చెంప మీద లాగి ఒక్కటిచ్చి, ఛాతీ మీద మోకాలు ఆనించి, రెండు చేతులతో గాయాన్ని నొక్కిపట్టాను. చచ్చిపోతాడేమోనని ఏడుస్తూనే నోటికొచ్చినట్టు తిట్టాను.

కుట్లు వేసి, రక్తం ఎక్కించాక ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచాడు. నా దెబ్బకి వాడి చెంప ఇంకా కమిలే ఉంది.

"నీవాళ్లు నన్ను కూడా కొడతారా?"

"ఒకటి రెండు దెబ్బలు పడొచ్చు."

"నీ చేత అలవాటేలే," అన్నాడు, కట్టు లేని చెయ్యి నావైపు చాపుతూ. "ఎక్కించమను."