డెబ్బై మూడో గడి

"నీ దస్తూరి మంచిగుంటది గద, జర గివి సాపు రాసియ్యి" అని జయానందం గళ్ళ కాగితాల కట్ట వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళినప్పుడు ఎలిశిబా చారుకు పోపు వేస్తోంది. రెండేళ్ళ కిందటి మాట అది. ఆయన చెప్పే పనులన్నీ ఆ "జర"తోనే మొదలవుతాయి. జర అంగీ ఇస్త్రీ చెయ్యి, జర అమ్మ కాళ్ళు పిసుకు, జర పరీక్ష పేపర్లు దిద్దు. ఆ జరలన్నీ తీర్చి, బడికి పోయి పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆమెకు కూర్చునే తీరిక కూడా మిగిలేది కాదు.

జయానందం మెదక్ కాలేజీలో లెక్కల లెక్చరరు. ఎలిశిబా ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. హైదరాబాదులో కంప్యూటర్ సైన్సు అని కొత్త చదువొకటి వచ్చిందనీ, ఆ డిప్లొమా చేస్తే యూనివర్సిటీలోనే ఉద్యోగమిస్తారనీ విని ఆయన శని, ఆదివారాలు బస్సెక్కడం మొదలుపెట్టాడు. అది లెక్కల్లో ఒక కొమ్మో, ఇంజనీరింగుకు తమ్ముడో చెప్పేవాళ్ళకే ఇంకా తేలలేదట. తేలని చోట పోటీ తక్కువని ఆయన ధీమా.

మొదటి పది కాగితాలు ఆమె ఉన్నదున్నట్టు సాపు రాసింది. పదకొండోదాంట్లో ఆయన ప్రోగ్రాం, అంటే యంత్రానికిచ్చే ఆజ్ఞల వరుస, తిరిగి తిరిగి మొదటికే వస్తుంది తప్ప ఎప్పటికీ ఆగదని కనిపెట్టింది. ఆయన కునుకు తీస్తుంటే ఆయన డిప్లొమా పుస్తకం తీసి చదివి, దిద్దింది. హైదరాబాదులో ఆ రాతను కార్డుల మీద చిల్లులుగా గుద్ది యంత్రానికి అందిస్తారు. వారానికి జవాబు అచ్చయి వచ్చింది, సరిగ్గా ఆమె అనుకున్నట్టే. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఎలిశిబా ఏడ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె చెప్పింది చెప్పినట్టు విన్నది ఆ యంత్రమొక్కటే. ఎవరి కోడలివని అది అడగలేదు. ఆ తర్వాత జయానందం రాయడమే మానేశాడు. ప్రశ్న తెచ్చి పడేసేవాడు, జవాబు పట్టుకుపోయేవాడు. స్నేహితులొస్తే మాత్రం "మా ఆమె సాపు రాస్తది" అనేవాడు. అత్త మార్తమ్మ, "గీ పిల్ల దస్తూరన్న నా కొడుకుకు అక్కరకొచ్చింది" అని మురిసేది. ఎలిశిబా నవ్వి టీ అందించేది. ఆ నవ్వును తలుచుకుంటే ఇప్పుడామెకు ఒళ్ళు మండుతుంది.

డిప్లొమాకు చివరి పని మంజీరా వరద మీద. పై నుంచి ఇంత నీరొస్తే ఒడ్డునున్న ఏ ఊరి దగ్గర ఎన్ని అడుగులు లేస్తుందో చెప్పాలి. ఎలిశిబా మూడు నెలలు రాసింది. ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. ఇలాంటి ప్రోగ్రాం ఒకటి ఉందని విని తాసీల్దారు దాని జవాబులు తెమ్మని జయానందానికి చెప్పాడు. ఏ ఊళ్ళను ఖాళీ చేయించాలో గురువారం మీటింగులో వాటిని బట్టే తేలుస్తారు.

బుధవారం పొద్దున బాలమణి వచ్చింది. పాపన్నపేట నుంచి పెరుగు తెచ్చి పోసే మనిషి. గుమ్మంలో కుండ దించి, "ఏరు ఎర్రగయింది టీచరమ్మా" అంది. "మూడేండ్ల కింద గిట్లనే ఎర్రగైన మూడోనాడు మా ఇంట్ల మొలలోతు నీళ్ళు. ఈసారి సర్కారోళ్ళు మిషిన్ను అడిగి చెప్తరంట గద. అది పొమ్మంటె పోదామని పిల్లలను పట్టుకొని కూసున్నం."

ఎలిశిబా లోపలికి వెళ్ళి అచ్చు కాగితాలు విప్పింది. ఎంత వరద వచ్చినా పాపన్నపేట దగ్గర నీళ్ళు ఒడ్డు దాటడం లేదు. పొయ్యి మీద అన్నం పొంగిపోతున్నా పట్టించుకోకుండా ప్రోగ్రామంతా వరుస వరుసా వేలు పెట్టి చదివింది.

కాగితం మీది ఒక్కో వరుస ఒక్కో కార్డవుతుంది. వరుసకు ఎనభై గళ్ళు. యంత్రం డెబ్బై రెండో గడి దాకానే చదువుతుంది. మిగతా ఎనిమిదీ కార్డు ఎవరిదో తెలిసే గుర్తు కోసం. అక్కడేముందో అది చూడదు, చూడలేదని చెప్పదు కూడా. జయానందం తన పేరును ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది అక్షరాలకు కుదించి ప్రతి కార్డు మీదా గుద్దించుకునేవాడు. పాపన్నపేట వరుసను ఆమె డెబ్బై రెండో గడిలో ముగించింది. ఆ కాగితం మీద టీ ఒలికితే, ఆమె బడిలో ఉన్నప్పుడు ఆయనే తిరగరాశాడు. ఒక గడి వదిలి మొదలుపెట్టాడు. రాయడం మానేశాక ఆయన చేత్తో రాసిన కాగితం అదొక్కటే. ఆ ఊరి లెక్కకు చివర కలపాల్సిన పద్దెనిమిది అడుగుల్లో ఎనిమిది అంకె పక్క గడిలోకి జారింది. కార్డులు గుద్దేవాళ్ళు ఆ గడిలో పేరే గుద్దారు. పద్దెనిమిది కాస్తా ఒకటయింది. ఎనిమిది ఉండాల్సిన చోట జయానందం కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం భర్త అన్నానికి వచ్చినప్పుడు చెప్పింది. ఆయన అరవలేదు. మెల్లగా, "ఎవలికన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదు. రేపు మీటింగుల మీరే చెప్పుండ్రి."

"సోమవారం యూనివర్సిటీల ఇంటర్వ్యూ ఉన్నది నాకు. ఇప్పుడు తప్పని చెప్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

"పాపన్నపేటల మనుషులున్నరండీ."

"నీళ్ళొస్తె వాళ్ళే ఉరుకుతరు. వాళ్ళకు కండ్లు లేవా?" కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు. "నువ్వు సాపు రాసేదానివి. గంత మట్టుకే ఉండు. స్కూల్ కమిటీల మా చిన్నాయన ఉన్నడు, యాదుంచుకో."

గడప దగ్గర నుంచి మార్తమ్మ, "మొగోని నౌకరికి అడ్డం బడ్డ ఆడిది బాగుపడ్డదా ఎన్నడన్న?" అంది. జయానందం చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. బాలమణి తెచ్చిన పెరుగు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

వడ్డిస్తున్నంతసేపూ ఎలిశిబాకు అసహ్యం వేసింది, ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ. తప్పు కనబడ్డ ప్రతిసారీ చప్పుడు చెయ్యకుండా దిద్దింది. ఇల్లు గుట్టుగా ఉండాలనుకుంది. ఆ గుట్టే ఈ మనిషిని రేపు తాసీల్దారు పక్కన కుర్చీలో కూర్చోబెట్టబోతోంది. ఇప్పుడు దిద్ది పంపిస్తే కొత్త జవాబు రావడానికి వారం పడుతుంది. ఏరు వారం ఆగదు. బడిలో నౌకరి పోతే చేతిలో ఇంకేమీ ఉండదు. అది కూడా ఆలోచించింది. భయపడింది. వాన చూరు మీద నుంచి ధారగా కారుతూనే ఉంది.

గురువారం బడికని బయలుదేరి, మలుపు దగ్గర గొడుగు తిప్పి తాసీలు కచేరీ వైపు నడిచింది. తలుపు తెరిచే ఉంది. "పాపన్నపేటకు ఏం ఫికర్ లేదు సార్, ముందు కిందూళ్ళు చూడుండ్రి" అంటున్నాడు జయానందం. అందరూ తల ఊపుతున్నారు. గుమ్మంలో తడిసిన చీరతో ఆమెను చూసి ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం మీద నవ్వు, కళ్ళలో హెచ్చరిక. "మా మిసెస్ సార్. అమ్మకు పానం మంచిగ లేదేమో, పిలువనీకొచ్చింది" అన్నాడు. అవునంటే చాలు, ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"అట్లనా అమ్మా?" అన్నాడు తాసీల్దారు.

"కాదు సార్. గా ప్రోగ్రాం రాసినదాన్ని" అంది ఎలిశిబా. "అది పాపన్నపేటకు పదిహేడు అడుగులు తక్కువ చెప్పింది. ఇయ్యాలనే ఖాళీ చేయించుండ్రి."