మడ్డి లేని వైన్

భార్య ఒదెట్ పోయిన మూడు నెలలకు ఆల్సీద్ ఆ తప్పు చేశాడు.

సెవ్ర్ నది ఒడ్డున వాళ్ళ ద్రాక్షతోటలో నలభై ఏళ్ళుగా తీగల పని అతనిది, వైన్ పని భార్యది. పులిసిన ముస్కదే, అంటే అక్కడి తెల్ల వైన్, చలికాలమంతా నేలతొట్టిలో అడుగున పేరుకున్న తన మడ్డి మీదే కదలకుండా ఉండాలి. నాలుక మీద చురుక్కుమనే ఆ పదును మడ్డి కాపాడేదే. వసంతంలో నేరుగా సీసాల్లోకి పట్టాలి. మధ్యలో వేరే తొట్టిలోకి తోడితే, సీసా మీద 'మడ్డి మీద ఊరినది' అని వేసుకునే హక్కు పోతుంది.

ఫిబ్రవరిలో మూత తీస్తే కుళ్ళిన గుడ్ల కంపు కొట్టింది. ఒదెట్ చేతి ఆఖరి వైన్ అది. పాడైపోతోందని హడలిపోయాడు. ఎవరినీ అడగలేదు. ఒకరిని అడగడం అతనికి చేతకాదు. వైన్‌ను పక్క తొట్టిలోకి తోడేసి, మడ్డిని కడిగి కాలవలోకి వదిలేశాడు.

ఆదివారం కూతురు సొలెన్ వచ్చింది. తొట్టి దగ్గర నిలబడి ఆ వైన్ ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"చప్పబడిపోయింది. ఎందుకు తోడావు నాన్నా?"

"కంపు కొట్టింది."

"ఏటా కొడుతుంది. 'అలిగింది, దాని మానాన దాన్ని వదిలేస్తే అదే దిగొస్తుంది' అనేది అమ్మ. నీ గురించీ అదే మాట అనేదిలే."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వెప్పుడు అడిగావు? అమ్మను అన్నానికి పిలవడానికి తప్ప ఈ తొట్ల గదిలోకి తొంగిచూశావా?"

అతను తొట్టి మూత బిగించాడు.

"పక్కతోట ఉర్బాన్ బాబాయ్‌ని రెండు బకెట్ల మడ్డి అడుగుదాం. కాస్తన్నా కోలుకుంటుంది."

"ఆ ముసలి నక్కనా? వాడి మడ్డి పోస్తే అది వాడి వైన్. మీ అమ్మది కాదు."

"ఇప్పుడు మాత్రం అమ్మదేనా?"

ఆల్సీద్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "బయలుదేరు. మళ్ళీ రాకు."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ కారెక్కింది. అతను పిలవలేదు.

ఏప్రిల్‌లో ఆ వైన్‌ను తోడుకుపోవడానికి వర్తకుడి ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ కాగితం తీశాడు.

"ముస్కదే అని రాయనా, పెద్దాయనా?"

"రాయకు."

"చేసినవాళ్ళ పేరు?"

"వద్దు. తెల్ల వైన్ అని రాసుకో, చాలు."

"ఇంట్లోకి నాలుగు సీసాలైనా ఉంచుకోరూ?"

"నీళ్ళు తాగుతాను," అన్నాడు ఆల్సీద్.