విశ్వేశ్వరరావు మఫ్లరు

విశ్వేశ్వరరావు చెక్కపీటను శ్యామలమ్మ కాళ్ళ కిందికి తోశాడు. కాళ్ళు వేలాడితే గడ్డం జారుతుంది, గడ్డం జారితే లేజర్ గురి తప్పుతుంది. బ్యాడ్జీ మీద టెక్నీషియన్ అని గొప్పగా రాసి ఉంటుంది గానీ, హామిల్టన్‌లోని ఈ కంటి క్లినిక్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఆయన పని ఇదే. మిషన్ ముందు కూర్చున్నవాళ్ళ తల వెనక అరచెయ్యి ఆనించి, కదలకుండా పట్టుకోవడం. మిషన్‌తో వచ్చిన పట్టీ ఎప్పుడో తెగిపోయింది. రావుగారి చెయ్యి ఉంది కదా అని ఎవరూ కొత్తది తెప్పించలేదు.

శ్యామలమ్మకు చూపున్నది ఆ ఒక్క కంట్లోనే. మూడు వారాల క్రితం దానికి నీటికాసుల ఆపరేషన్ చేశారు. లోపలి కుట్టు బిగుసుకుపోయి కంట్లో నీరు బయటికి రావడం లేదు, ఇరవై లోపుండాల్సిన ప్రెషర్ ముప్పై రెండు. ఇవాళ లేజర్‌తో ఆ కుట్టు తెంపాలి. ఆలస్యమైతే నీరు పోవడానికి కోసిన దారి పూడుకుపోతుంది, తర్వాత తెంపినా దండగే.

"నేనేమడిగినా పలక్కండమ్మా. డాక్టర్ గారు అయిందనేదాకా మీరు బొమ్మ."

"అట్లాగే నాయనా," అని ఆవిడ బుద్ధిగా తల ఊపింది.

డాక్టర్ ధాత్రి కంటి మీద లెన్స్ ఆనించింది. ఈ చలిదేశంలోనే పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. గురి చూపే ఎర్రటి చుక్క కుట్టు మీదికి వచ్చి పక్కకు జరిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జరిగింది.

"షీ ఈజ్ మూవింగ్, అంకుల్."

"మనవాళ్ళకు తల ఊపడం అలవాటు కదమ్మా," అన్నాడు రావు.

"నేనెక్కడ కదిలాను!" అంది శ్యామలమ్మ.

నిజమే, ఆవిడ కదల్లేదు. వణికింది ఆయన చెయ్యి. ఆరు నెలలుగా కాఫీ కప్పు ఎవరి ముందూ ఎత్తకుండా దాచుకొస్తున్న వణుకు. ముందు భయం వేసింది. ఆ వెనకే, తప్పు ముసలావిడ మీదికి నెట్టేసినందుకు సిగ్గు వేసింది.

గురి తప్పితే పైపొరకు చిల్లు పడుతుంది. ధాత్రి లెన్స్ తీసేసింది. "టూ రిస్కీ. లెట్స్ ట్రై నెక్స్ట్ వీక్."

వచ్చే వారందాకా ఆ దారి పూడుకోకుండా ఆగదు.

"ధాత్రీ, ఆవిడ కాదమ్మా. నా చెయ్యి. చాన్నాళ్ళ నుంచీ వణుకుతోంది. చెప్పలేదు."

ఆయన కొక్కేనికున్న తన ఊదారంగు మఫ్లరు తెచ్చాడు. శ్యామలమ్మ తల వెనక నుంచి తిప్పి, మిషన్ కమ్మీలకు అటూ ఇటూ ముడివేశాడు. వేళ్ళు మాట వినకపోతే పళ్ళతో బిగించాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

ఒక్క దెబ్బకు కుట్టు తెగింది. పావుగంటకు ప్రెషర్ పద్నాలుగు.

"అంతా నీ చేతి చలవ నాయనా," అని శ్యామలమ్మ ఆయన చేతులు రెండూ పట్టుకుంది. ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు.

ఆవిడ వెళ్ళాక ధాత్రి నెమ్మదిగా అంది. "అంకుల్, టుమారో..."

"తెలుసమ్మా."

బ్యాడ్జీ బల్ల మీద పెట్టాడు. కోటు గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. బోసి మెడతోనే మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంకో పేషెంట్ వచ్చి కూర్చున్నాడు. మఫ్లరు కమ్మీలకు అలాగే కట్టి ఉంది, రెండు ముడులూ బిగువు సడలకుండా.