కొంగ కాళ్లకు కొత్త పాఠం

ఏడాదిలో జానెడు పొడుగు పెరిగేసరికి పన్నెండేళ్ల ఓ పిల్ల కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. టెన్నిస్ కోర్టులో బంతి కుడివైపు వస్తే ఎడమ కాలు అడ్డం పడేది. తోటి పిల్లలు కొంగ అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కుంది గానీ, తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలకడం మొదలుపెట్టింది.

కోచ్ మేడమ్ ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టేసి, నేల మీద తాడు నిచ్చెన పరిచింది.

"రెండు వారాలు ఇదే నీ ఆట. ఒక్కో గడిలో రెండడుగులు. తాడు తొక్కకూడదు."

మూడో గడి దాటకుండానే కొంగ బోర్లా పడింది. మర్నాడూ అంతే.

ఇంటి వసారాలో సుద్దముక్కతో గడులు గీసుకుని సాధన మొదలుపెట్టింది. తాతయ్య ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. కాసేపు చూసి అడిగాడు.

"ఎక్కడ చూస్తున్నావే?"

"కాళ్లకేసి. గీత తొక్కుతానేమోనని."

"బ్రేకు ఎక్కడుందా అని నేను వంగి చూసుకుంటూ బస్సు నడిపుంటే ఎక్కినవాళ్ల గతేం కాను? తలెత్తు."

ఆఖరి గడికి అవతల కుర్చీ వేసుకుని, వేళ్లు చూపించసాగాడు. పరిగెడుతూనే ఎన్ని వేళ్లో ఆమె చెప్పాలి. మొదటిరోజు "రెండు, ఐదు, మూడు" అంటూ వచ్చి ఆయన ఒళ్లోనే పడింది. నాలుగో రోజుకు వేళ్ల లెక్క తప్పలేదు. కాళ్లు వాటి పని అవి చూసుకున్నాయి. ఉతికిన బట్టలు మోసుకెళ్తున్న అమ్మ కూడా తెలియకుండానే గడుల్లో అడుగులేయడం చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు.

సంగతి తెలిసి మేడమ్ తాతయ్యను కోర్టుకు రమ్మని, చేతికి రెండు రంగుల బంతులిచ్చింది. పసుపుది విసిరితే కుడిచేత్తో, ఎర్రదైతే ఎడమచేత్తో, నేలకు ఒక్కసారి తగిలి లేవగానే పట్టుకోవాలి. తాతయ్య ఒకవైపు చూస్తూ ఇంకోవైపు విసిరేవాడు. పిల్లలు మోసమని గోలపెడుతూనే ఆయన ముందు వరసకట్టేవారు.

మూడో వారం రాకెట్ చేతికొచ్చింది. నెలాఖరున పక్క క్లబ్బుతో పోటీ. కొంగకు ఎదురుపడిన పిల్ల గట్టిది. మొదటి సెట్టు చూస్తుండగానే పోయింది. రెండో సెట్టులో ఆ పిల్ల బంతిని నెట్ పక్కనే మెల్లగా జార్చింది. ఇదివరకైతే కొంగ కాళ్లు మెలిపడి కూలబడేది. ఇప్పుడు చిన్న గెంతు వేసి, నాలుగు పొట్టి అడుగుల్లో చేరుకుని, బంతిని అవతలి మూలకు తోసింది. ఎలా చేరిందో ఆమెకే తెలియలేదు. ఆ సెట్టు గెలిచింది. మూడోది ఆఖరిదాకా వచ్చి చేజారింది.

"ఓడిపోయాను తాతయ్యా," అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశాలే. ముందు కాస్త కూర్చో."

ఇంతలో గెలిచిన పిల్ల రొప్పుతూ వాళ్ల దగ్గరికొచ్చింది. "నన్ను ఇంతసేపు ఎవరూ పరిగెత్తించలేదు. ఆదివారం మళ్లీ ఆడదామా?"

కొంగ నోరు తెరిచేలోపే తాతయ్య అందుకున్నాడు.

"తొమ్మిదింటికైతే వస్తాం."