జ్వరం లేచిన రొయ్య

మా ఆయన గోపీనాథ్‌కు ఏ పిచ్చి పట్టినా నిండుగా పడుతుంది. రెండువేల నాలుగులో పట్టిన పిచ్చి సముద్రం. హోసూరులో కూర్చుని సముద్రం పెంచుతానన్నాడు. బెంగళూరు నుంచి గాజుతొట్టి, ఉప్పు పొట్లాలు, బొక్కలు బొక్కలుగా ఉన్న రాళ్లు వచ్చాయి. నెల పైగా ఒట్టి ఉప్పునీళ్లే హాల్లో గుర్రుమన్నాయి. ఆ తర్వాత ఒకే ఒక రొయ్య వచ్చింది.

మీసం దువ్వుతూ దాన్ని నాకు చూపించాడు.

"మీసాలుంటే సరా? రొయ్యకు లేవా బారెడు!" అన్నాను.

అన్నానే గానీ, తొట్టి దగ్గరికి వంగి చూశాను. పసుపు పూసినట్టున్న ఒళ్లు. వీపున రెండు ఎర్రంచుల మధ్య తెల్లటి చార. తెల్లని మీసాలు ఊపుకుంటూ, రాతి మీద అది మునివేళ్ల మీద నడిచినట్టు నడిచింది. ఇంత సింగారం ఎవరూ చూడని నీళ్లడుగున ఎందుకో నాకు అర్థం కాలేదు.

మా అత్త పుట్టమ్మ మాత్రం దూరంగానే కూర్చుంది. ఆమె కెలమంగలంలో బతుకంతా పట్టుపురుగులు పెంచిన మనిషి. పుట్టమ్మ చేత్తో పురుగును తట్టకెక్కిస్తే గూడు గట్టిగా వస్తుందని పక్క ఊళ్లవాళ్లు కూడా పిలుచుకుపోయేవాళ్లు. అట్లాంటిది, పురుగు ఒళ్లు ఉబ్బి పాలు కారి చచ్చే పాలరోగం తగిలి, వరుసగా పంటలు గుంతలో పడ్డాయి. పురుగుల ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేసింది. అప్పటి నుంచి ప్రాణమున్న దేన్నీ తాకదు. చివరికి నా చంటిది సౌందర్యను కూడా ఎత్తుకోలేదు.

"నా చెయ్యి మంచిది కాదు మ్మే. నా కాడికి తేవద్దు" అనేది. బిడ్డ ఆమె వైపు చేతులు చాచి ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ పక్కనే జాలి కూడా వేసేది.

తొట్టిలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. అందుకని రోజూ కాసిని మంచినీళ్లు పోయాలి. మా ఆయన ఆ పని వాళ్లమ్మకు అప్పగించాడు.

"నువ్వు తాకేది నీళ్లనే కదమ్మా" అన్నాడు. ఎట్లాగో ఒప్పుకుంది. పోసేటప్పుడు ఊపిరి బిగబట్టి పోసేది.

ఒక పొద్దున చూస్తే, రొయ్య ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. కాళ్లు, మీసాలు, కళ్లు అన్నీ ఉన్నాయి, కదలిక లేదు.

అత్త ఉన్నచోటే కూలబడింది. "పాయ! నేను చెప్పలేదా? నీళ్లు పోసినా చచ్చిపాయ!"

కాసేపటికి తనే లేచింది. పట్టుపురుగులకు రోగం తగిలితే మావైపు ఒకటే పద్ధతి. ఉన్నదంతా పారేసి, ఇల్లంతా బ్లీచింగ్ పౌడరుతో కడగాలి. "నీళ్లు తోడెయ్యి గోపీ. రాళ్లూ కడగాల" అంటూ బకెట్లో పౌడరు కలిపింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ పైపు వేశాడు. ఆ నీళ్లు పారబోయడానికి మనసొప్పక డ్రమ్ములో పట్టాడు.

పూడ్చిపెడదామని నేను టీ వడగట్టే జల్లెడతో రొయ్యను తీశాను.

"అత్తా, దీనికి బరువే లేదు."

ఆమె వంగి చూసింది. చూస్తూ చూస్తూ, మొదటిసారి చెయ్యి చాపి అరచేతిలోకి తీసుకుంది. ఎండకు పట్టుకుంటే వెలుతురు ఇటు నుంచి అటు పోతోంది. మెడ వెనక చీలిక. ప్రతి కాలూ గుల్ల. కళ్ల మీది పొర కూడా గుల్లే.

"పైపు తియ్యి గోపీ! చావలేదురా, జ్వరం లేచినాది!"

పట్టుపురుగు మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండి పాత చర్మం విడుస్తుంది. దాన్నే మేం జ్వరం అంటాం, పొర విడిచి మళ్లీ కదిలితే జ్వరం లేచిందంటాం. పురుగు విడిచిన పొర నల్లగా ముడుచుకుని తోక దగ్గర పడి ఉంటుంది. ఇట్లా మీసాలతో, కళ్లతో సహా తన్ను తానే విడిచిపోయే ప్రాణిని ఆమె ఏనాడూ చూడలేదు. అందుకే మోసపోయింది. ఆ గుల్లను పట్టుకుని, "ఏమి పుట్టుకప్పా ఇది!" అని దండం పెట్టింది.

నీళ్లు మళ్లీ నింపాం. బ్లీచింగ్ బకెట్ వీధిలోకి పోయింది.

"యాడో రాతి సందులో దాక్కోనుంటాది, ఒళ్లు లేతగా ఉంటాది. మేత వద్దు, లైటు వద్దు. ఈడ ఎవురూ దబదబా నడవద్దండి" అని కాపలా కూర్చుంది. పురుగుల ఇంటి పుట్టమ్మ తిరిగొచ్చింది.

కొన్నాళ్లకు రాతి సందులోంచి రొయ్య బయటికి వచ్చింది. ఇంకొంచెం పెద్దది, రంగులు కొత్తవి. అత్త మెల్లగా తొట్టిలో చెయ్యి పెట్టింది. అది మీసాలతో తడిమింది. అరచేతి మీదికెక్కి, సన్నటి కాళ్లతో గోళ్ల సందులు ఒక్కొక్కటే శుభ్రం చేయసాగింది. చేపల ఒంటి మీద మురికి ఏరుకు తినడం దాని నైజమని అంగడివాడు ముందే చెప్పాడట. నైజమే కావచ్చు.

"నా చెయ్యే..." అంది అత్త.

చాలాసేపటికి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"పాప యాడమ్మా? ఇట్లియ్యి."

ఇచ్చాను. చంటిది అత్త వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని, ఉప్పగా ఉందేమో, మొహం చిట్లించి, వదలకుండా మళ్లీ చీకింది.