అన్న మీద సాక్ష్యం

రాఘవేంద్రప్రసాద్ కర్నూలులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఆదోనిలో తాతల నాటి పత్తి జిన్నింగు మిల్లును అన్న పెద్దసుబ్బయ్య చూసుకునేవాడు. ఆ మిల్లు అన్నం తిని పెరిగిన తమ్ముడు ఆ మిల్లు కూలీల మీదే పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. అది పుస్తకంగా అచ్చయితే అన్నే ఊళ్లో సన్మానం చేయించాడు. లోపల ఏముందో మాత్రం చదవలేదు.

2004లో మిల్లు మూతబడింది. వెనక వీధిలోని కూలీల ఇళ్లు తీసేసి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని, ఆ స్థలం మిల్లుదేనని పెద్దసుబ్బయ్య కోర్టుకెక్కాడు. మిల్లు కట్టకముందే, కోసిగి వైపు నుంచి కరువుకు వలసొచ్చినవాళ్లు ఆ బీడులో గుడిసెలు వేసుకున్నారని ప్రసాద్ పుస్తకంలో ఉంది. కూలీల వకీలు అతన్నే సాక్షిగా పిలిపించాడు.

వాయిదాకు ముందు అన్న కర్నూలు వచ్చాడు.

“కోర్టుకు పోతాండావంట, నిజమేనా?”

“పోతాండా అన్నా.”

“ఒంట్లో బాగలేదని ఉండిపోరాదా? ఎవరేమంటారు?”

“రాసింది నేనే కదా. ఇప్పుడు కాదని ఎట్ల చెప్పేది?”

“మనింటి బిడ్డవు కాదా రా నువ్వు?”

ప్రసాద్ కాఫీ గ్లాసు అన్న ముందుకు జరిపాడు. కాఫీ ముట్టకుండానే అన్న లేచి వెళ్లిపోయాడు.

బోనులో నిలబడి ప్రసాద్ ఉన్నదున్నట్టు చెప్పాడు. అన్న వైపు చూడలేదు. తీర్పు కూలీల పక్షాన వచ్చి ఇళ్లు నిలిచాయి. వీధివాళ్లు దండ తెస్తే వద్దన్నాడు.

ఆ తర్వాత ఆదోని ఇంటి నుంచి పిలుపు లేదు. తల్లి వెంకటలక్ష్మమ్మ పోయిన సంగతి కూడా ఎవరో చెబితే తెలిసింది. వెళ్లేసరికి దహనం అయిపోయింది.

2008లో పెద్దసుబ్బయ్యకు పక్షవాతం వస్తే కర్నూలు తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ప్రసాద్ వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. అన్న చాలాసేపటికి కళ్లు తెరిచాడు. మాట ముద్దగా వస్తోంది.

“మన మిల్లులో బేళ్లు మోసిన వెనక వీధి సుంకప్ప... ఉన్నాడా?”

“పోయినేడు పోయినాడన్నా.”

“చిన్నప్పుడు వంకలో కొట్టుకపోతాంటే నన్ను పట్టి ఈడ్చింది వాడే. నాయన కొడతాడని ఎవురికీ చెప్పలే.” తల తమ్ముడి వైపు తిప్పాడు. “వాని ఇల్లు ఉండాదా?”

“ఉండాది. కూతురుంటాది.”

పెద్దసుబ్బయ్య మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ప్రసాద్ అతని చెయ్యి పట్టుకున్నాడు. అన్న విడిపించుకోలేదు.