గుమ్మం దాకా జరిగిన టర్బో

రాజాంలో ధనరాజ్, తులసి దంపతులు రోజూ పొద్దున్నే కార్ల షెడ్డు తెరిచి, టీ తాగుతూ గోనెపట్టా వైపు చూస్తారు. ఇంజనులో వాడబోయే సామాన్లన్నీ ముందురోజు సాయంత్రం దానిమీద పరిచి వెళ్తారు. ఒకదానికొకటి సరిపడేవి తెల్లారేసరికి పక్కపక్కన చేరతాయి. పడనివి దూరం జరుగుతాయి. ఊళ్లో మిగతా మెకానిక్కులు కూడా అనుమానమొస్తే అక్కడే పెట్టి పోతారు.

ఈసారి ఇంజను తులసికే. గజపతినగరం దగ్గర మట్టి ట్రాకు మీద జరిగే రేసులో ఆమె మొదటిసారి కారు తోలబోతోంది. ధనరాజ్ ముచ్చటపడి, ఇంజనులోకి గాలి తోసి జోరు పెంచే టర్బో, అదీ పెద్దది, తెప్పించాడు. ఎప్పుడూ గెలిచే ప్రదీప్ కారుకున్నది అలాంటిదే.

తెల్లారి చూస్తే క్రాంకు, రాడ్లు, పిస్టన్లు కోడిపిల్లల్లా ఒదిగి ఉన్నాయి. అరలోని పాత చిన్న టర్బో కూడా దిగొచ్చి వాటి మధ్య దూరింది. పెద్దది గుమ్మం దాకా పోయి రోడ్డువైపు తిరిగి కూర్చుంది.

“రాడ్లు కొత్తవే కదే, తట్టుకోవా?” అన్నాడు ధనరాజ్.

“అంత గాలి తోస్తే దెబ్బంతా ఆటి మీదే పడతాది బావా. ఇరిగిపోతే?”

“సిన్నదెడితే గెలవలేం.”

“గెలవకపోతే ఏటైపోద్ది? తోలేది నాను. పడనిదాన్ని నా ముందరెట్టకు.”

ధనరాజ్ మొహం ముడుచుకుంటూనే చిన్న టర్బో బిగించాడు.

రేసురోజు ప్రదీప్ అందరికంటే ముందున్నాడు. చివరి మలుపులో అతని కారు ఫట్‌మంది. రాడ్డు విరిగి ఇంజను గోడ చీల్చుకుని బయటికొచ్చింది. కారుతున్న ఆయిలు మీదే చక్రాలు జారి, కారు సరుగుడు తోటలోకి దూసుకుపోయింది. ప్రదీప్ మోచెయ్యి పట్టుకుని, తిట్టుకుంటూ దిగాడు. ధనరాజ్ పరుగున వెళ్లి చూశాడు. తను కొన్న రాడ్లలాంటివే.

వెనకాలే తులసి కారు అదే మలుపు తిరిగింది. ఒకే తీరున మోగుతూ దాటిపోయింది.

నాలుగోదిగా వచ్చి, హెల్మెట్టు తీస్తూ నవ్వింది తులసి. “నాలుగో నంబరొచ్చినాది బావా! ఏటి, ఏడుస్తన్నావా?”

“దుమ్ము” అన్నాడు ధనరాజ్. కారు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. “ఇంటికి పోదాం. నువ్వే తోలు.”